స్కాలర్‌షిప్ లేని ఆట

పదిహేనేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్న మా పాత సభ్యురాలొకరు ఈమధ్య ఉత్తరం రాశారు. కూతురు పన్నెండో తరగతి, బాస్కెట్‌బాల్ బాగా ఆడుతుంది. ఒక చిన్న కళాశాల మహిళా జట్టు కోచ్ 'నువ్వు మాకు కావాలి' అంటూ ఆరు నెలలుగా ఫోన్లు చేస్తోందట. కానీ అక్కడ క్రీడా స్కాలర్‌షిప్ లేదు. 'పైసా ఇవ్వని వాళ్ళు పిలవడమేమిటి' అని తండ్రి. 'నా ఆట చూసి పిలుస్తున్నారు నాన్నా' అని కూతురు. ఇది హక్కుల విషయమేనా, లేక డబ్బున్నవాళ్ళ ముచ్చటా అని తల్లి మమ్మల్ని అడిగింది.

రెండూనని మా అభిప్రాయం.

అమెరికా కళాశాలల క్రీడా సంఘం ఎన్.సి.ఏ.ఏ. 1973లో మూడు డివిజన్లుగా విడిపోయింది. 430కి పైగా కళాశాలలున్న మూడో డివిజన్ అన్నిటికంటే పెద్దది. ఆట కోసమని డబ్బివ్వడం అక్కడ నిషేధం. చదువులో ప్రతిభకో, కుటుంబ అవసరానికో మాత్రమే సహాయం చేయాలి. ఆ లెక్క కట్టేటప్పుడు ఆటను చూడకూడదు.

స్కాలర్‌షిప్ లేకపోవడం ఆడపిల్లలకి అన్యాయమేనని మనకి వెంటనే తోస్తుంది. కానీ 1971లో మహిళా క్రీడల కోసం ఏర్పడిన ఎ.ఐ.ఎ.డబ్ల్యు. అనే సంఘాన్ని నడిపిన స్త్రీలే మొదట స్కాలర్‌షిప్‌లు వద్దన్నారు. మగవాళ్ళ క్రీడల్లో పిల్లల్ని కొనుక్కోవడం, వాడుకోవడం చూసి భయపడ్డారు. 1973లో ఫ్లోరిడా క్రీడాకారిణులు కోర్టుకెళ్ళి, మగపిల్లలకున్నది మాకెందుకు లేదని నిలదీశాక ఆ నియమం మారింది. ఇద్దరిలో ఎవరిది తప్పు? మాకు ఇప్పటికీ తేల్చి చెప్పడం కష్టంగానే ఉంది. స్కాలర్‌షిప్ కోచ్ చేతిలో ఉన్నచోట మోకాలు దెబ్బతిన్నా, అవమానం జరిగినా పిల్ల నోరు మూసుకోవలసి వస్తుంది. మూడో డివిజన్‌లో ఆ డబ్బు కోచ్ చేతిలో ఉండదు. ఆట మానేసినా సహాయం పోదు. ఇది చిన్న స్వేచ్ఛ కాదు.

ఆ పిల్ల అసలు కోర్టు మీదికి రావడానికే ఎంత పోరాటం జరిగిందో తండ్రికి తెలియకపోవచ్చు. బాస్కెట్‌బాల్ పుట్టిన మరుసటి ఏడే, 1892లో, సెండా బెరెన్‌సన్ అనే ఉపాధ్యాయిని దాన్ని స్మిత్ మహిళా కళాశాలకి తెచ్చింది. 1893లో జరిగిన మొదటి పోటీకి మగవాళ్ళని రానివ్వలేదు. ఆడపిల్లలు అలసిపోతారని కోర్టుని మూడు ముక్కలు చేసి, ఎవరి గీత వాళ్ళు దాటకూడదన్నారు. కోర్టంతా పరుగెత్తే ఆట కళాశాల స్త్రీలకి దక్కింది 1971లో. మరుసటి ఏడు విద్యాసంస్థల్లో లింగవివక్షని నిషేధించే టైటిల్ నైన్ చట్టం వచ్చింది. అప్పుడు హైస్కూలు జట్లలో ఆడపిల్లలు మూడు లక్షల లోపు. ఇప్పుడు ముప్పై లక్షలు దాటారు. గ్రోవ్ సిటీ అనే చిన్న కళాశాల వేసిన కేసులో 1984లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని కుదించి క్రీడల్ని దాదాపు బయటికి తోసేసింది. 1988లో రీగన్ వీటోని కాదని పార్లమెంటు దాన్ని నిలబెట్టింది. ఆ గ్రోవ్ సిటీ ఇప్పుడు ఆడుతున్నది మూడో డివిజన్‌లోనే. 2024లో ఆ డివిజన్ మహిళా ఫైనల్ ఆడిన జట్లలో ఒకటి స్మిత్.

ఇక డబ్బున్నవాళ్ళ ముచ్చట సంగతి. ఈ కళాశాలల్లో ఎక్కువ భాగం ప్రైవేటువి. ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటినవీ ఉన్నాయి. కోచ్ కంట పడాలంటే క్లబ్ జట్లలో చేరి ఊరూరా తిరగాలి, ఆటని వీడియో తీయించాలి. పిల్లని 'చూపించి పెడతామని' వేల డాలర్లు గుంజే దళారీలున్నారు. నిజానికి పిల్ల తనే కోచ్‌కి నాలుగు వాక్యాల ఉత్తరం, మార్కులు, ఒక పూర్తి ఆట వీడియో పంపితే చాలు.

కోచ్ మాట ఒప్పందం కాదు. సీటిచ్చేది ప్రవేశాల కార్యాలయం. మార్కుల్ని ముందుగా ఆ కార్యాలయానికి చూపించి అభిప్రాయం తెలుసుకుంటానని కోచ్ అనవచ్చు, దానిక్కూడా పూచీ లేదు. తరువాత 'ఎర్లీ డెసిషన్' కింద దరఖాస్తు పెట్టమంటుంది. అంటే సీటొస్తే చేరి తీరాలి. నాలుగు చోట్ల సహాయం పోల్చి చూసుకునే అవకాశం అక్కడితో పోతుంది. ఇచ్చిన సహాయం చాలకపోతే తప్పుకోవచ్చని నియమం ఉంది గానీ, అంతదూరం వచ్చాక పదిహేడేళ్ళ పిల్ల 'కాదు' అనగలగాలి కదా.

మన కుటుంబాలకి మరో చిక్కుంది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఇళ్ళలో పిల్లలు హెచ్-4 వీసా మీద ఉంటారు. వాళ్ళకి కేంద్ర ప్రభుత్వ విద్యాసహాయం రాదు. 21 ఏళ్ళు నిండితే ఆ వీసా చెల్లదు, సొంత వీసా వెతుక్కోవాలి. సహాయం వస్తే కళాశాల సొంత నిధి నుంచే రావాలి. మన సభ్యురాలి కూతురిదీ ఇదే పరిస్థితి. మూడో డివిజన్ ఆటగాళ్ళలో నూటికి 75 మందికి పైగా ఏదో ఒక సహాయం అందుతుందని ఎన్.సి.ఏ.ఏ. చెబుతుంది. ఆ మాట చూసి ధైర్యపడే ముందు, మా అమ్మాయి వీసాకి ఎంత ఇస్తారో కాగితం మీద రాసివ్వమని సహాయ కార్యాలయాన్ని అడగాలి.

అడగవలసినవి ఇంకా ఉన్నాయి. 1994 నాటి చట్టం ప్రకారం కేంద్ర విద్యాసహాయ పథకాల్లో ఉన్న ప్రతి సహవిద్యా కళాశాలా ఆడ, మగ జట్ల మీద ఎంత ఖర్చు పెడుతోందో, కోచ్‌ల జీతాలెంతో ఏటా వెల్లడించాలి. అది ఎవరైనా చూడవచ్చు. గత నాలుగేళ్ళలో చేరినవాళ్ళలో ఎంతమంది చివరిదాకా జట్టులో ఉన్నారు, మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు అని కోచ్‌ని కాదు, ఆ పిల్లల్నే అడగాలి.

ఇవన్నీ జవాబులో రాశాం. ఆమె ఉత్తరం చివర మరొక సంగతి ఉంది. ఇంటర్ చదివేటప్పుడు ఆమె బాల్ బాడ్మింటన్ జిల్లా జట్టుకి ఎంపికైందట. పోటీలు వేరే ఊళ్ళో అని ఇంట్లో పంపలేదు. ఈ మాట కూతురికి ఇంతవరకూ చెప్పలేదట. చెప్పమని రాశాం.