మారువేషాన్ని తేలిగ్గా తీసుకోవద్దు

రీజెన్సీ ప్రేమకథలంటే ప్రయాణంలో చదివి, దిగేటప్పుడు సీట్లో వదిలేసే పుస్తకాలని చాలామంది అభిప్రాయం. మూడో జార్జికి మతి చలించడంతో ఆయన పెద్దకొడుకు రాజప్రతినిధిగా ఇంగ్లండును ఏలిన 1811-1820 మధ్యకాలం వీటికి రంగస్థలం. గుర్రపు బగ్గీలు, విందులు, నాట్యాలు, నోటి దురుసు పిల్ల, పొగరుబోతు ప్రభువు, చివరికి పెళ్లి. ఈ తరహా నవలకు ఒరవడి పెట్టిన రచయిత్రి జార్జెట్ హేయర్ (1902-1974). 2020 చివర్లో నెట్‌ఫ్లిక్స్‌లో 'బ్రిడ్జర్టన్' మొదలయ్యాక ఆ లోకం మన ఇళ్లలోకీ వచ్చేసింది. ఈ కథలను చులకన చేసేవారు ముందుగా వేలెత్తి చూపేది మారువేషాన్నే. జుట్టు కత్తిరించుకుని మగబట్టలు వేసుకున్నంత మాత్రాన ఆడపిల్లను ఎవరూ పోల్చుకోలేరా, ఒకరనుకుని ఇంకొకరితో మాట్లాడుతూ మూడొందల పేజీలు గడిచిపోతాయా అని అడుగుతారు. అది చవకబారు ఎత్తుగడ అంటారు. నేను మాత్రం ఆ కథల్లో అన్నిటికన్నా బరువైన మాట చెప్పేది మారువేషమే అంటాను. మనుషులకు ధర కట్టి చూసే సమాజంలో ఒక మనిషి ఇంకో మనిషిని ఉన్నదున్నట్టుగా ఎరగడం ఎలా అన్న ప్రశ్నను అది సరదాగానే, కానీ సూటిగా అడుగుతుంది.

ఆ కాలంలో పెళ్లి ఎలా కుదిరేదో చూస్తే ఈ మాట తేటపడుతుంది. 1753 నాటి వివాహ చట్టం ప్రకారం ఇంగ్లండులో 21 ఏళ్లు నిండనివారు లైసెన్సు మీద పెళ్లాడాలంటే తండ్రి లేదా సంరక్షకుడు ఒప్పుకోవాలి. ఆ చట్టం స్కాట్లండుకు వర్తించదు కాబట్టే ప్రేమజంటలు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్‌కు పరుగెత్తేవి. పెళ్లయ్యాక భార్య చేతిలోని డబ్బూ నగానట్రా భర్తవైపోయేవి. ఆస్తి మీద ఆమెకు పూర్తి హక్కు వచ్చేసరికి 1882 అయింది. లండన్‌లో బుధవారం రాత్రుల్లో ఆల్మాక్స్ నాట్యశాలలోకి అడుగుపెట్టాలంటే కొందరు కులీన స్త్రీల కమిటీ చీటీ రాసివ్వాలి. ఆ చీటీ దొరకని వాళ్లకు మంచి సంబంధాల ఆశ సన్నగిల్లినట్టే. అలాంటి చోట అమ్మాయికి అబ్బాయి గురించి మొదట తెలిసేది అతని ఏడాది రాబడి, తర్వాత బిరుదు, ఆ తర్వాత ఇంకేమైనా. పెద్దల నిఘా లేకుండా ఇద్దరూ నాలుగు మాటలు మాట్లాడుకుంటే పిల్ల పరువు పోతుంది. నవలాకారిణి ఆ ఇద్దరినీ కలపాలంటే వాళ్ల మీదున్న ముద్రలను కాసేపు తొలగించాలి. మారువేషం చేసే పని అదే.

హేయర్ 1940లో రాసిన 'ది కొరింథియన్' తీసుకుందాం. పెన్ క్రీడ్‌కు పదిహేడేళ్లు, తల్లిదండ్రులు లేరు, ఆస్తి ఉంది. ఆ ఆస్తి బయటికి పోకుండా తన కొడుక్కే కట్టబెట్టాలని మేనత్త చూస్తుంటుంది. ఒక రాత్రి పెన్ మగపిల్లాడి వేషంలో దుప్పట్లు ముడేసుకుని కిటికీలోంచి దిగుతుంటే, కింద నడిచిపోతున్న సర్ రిచర్డ్ విండమ్ పట్టుకుంటాడు. అతనికీ ఆ మర్నాడే ఒక గండం ఉంది. డబ్బు అవసరం తప్ప తన మీద ఏ ఇష్టమూ లేని ఒక కులీన కన్యకు పెళ్లి మాట చెప్పాలి. అప్పటికి బాగా తాగి ఉన్నాడు. అయినా ఎదురుగా ఉన్నది అబ్బాయి కాదని ఇట్టే కనిపెడతాడు. ఆమె మెడ చుట్టూ ఉన్న బట్టను కట్టిన తీరు చూసి తట్టుకోలేక తనే సరిచేస్తాడు. మెడబట్ట ముడిలో మనిషి హోదా చదివే కాలం అది. ఆ చిన్న పనితో రిచర్డ్ తన లోకపు కొలబద్దను ఆమె వేషానికి అరువిస్తున్నాడు. ఇద్దరూ మామూలు జనంతో కలిసి స్టేజికోచ్‌లో ఇరుక్కుని సోమర్సెట్ దారి పడతారు. ఆ కుదుపుల ప్రయాణంలో పెన్ అడగదలచింది అడుగుతుంది, కాదనదలచింది కాదంటుంది. గౌను వేసుకుని డ్రాయింగ్ రూములో కూర్చున్నప్పుడు ఆమెకు ఆ భాగ్యం లేదు.

ఇక్కడ గమనించాల్సింది రిచర్డ్ మొదటి క్షణం నుంచే ఆమెను ఎరిగి ఉండడం. ఇది ఒక్క నవలకు పరిమితం కాదు. రీజెన్సీకి ముందుతరం కథ అయిన 'ది మాస్కరేడర్స్' (1928)లో మగవేషంలో ఉన్న ప్రూడెన్స్‌ను ఊరంతా యువకుడనే అనుకుంటుంది, సర్ ఆంథొనీ ఒక్కడూ పసిగడతాడు. 1817లో జరిగే 'ఫాల్స్ కలర్స్' (1963)లో మాయమైన కవల సోదరుడు ఎవ్‌లిన్ స్థానంలో కిట్ పెళ్లికొడుకుగా నటిస్తాడు. బంధువుల్లో చాలామంది మోసపోతారు. పెళ్లికూతురు క్రెస్సీ మాత్రం ఇతను అతను కాదని తెలుసుకుంటుంది, కిట్‌నే ఇష్టపడుతుంది. అంటే ఈ కథల్లో పొరబడేది లోకం. ప్రేమించేవారు పొరబడరు. ప్రేమంటే పోల్చుకోవడమని హేయర్ ఉపన్యాసం ఇవ్వకుండా కథ నడిపే తీరులోనే చెబుతుంది. నవ్వు ఎక్కడ పుడుతుందో చూడండి: బట్టను చూసి మనిషిని నమ్మిన వాళ్ల దగ్గర.

అబద్ధం మీద నిలిచిన ప్రేమను మెచ్చుకోవడం తప్పు కాదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న, దానికి ఆ కాలపు చరిత్రలోనే ఒక భయంకరమైన ఉదాహరణ ఉంది. 1802లో జాన్ హాట్‌ఫీల్డ్ అనే మోసగాడు పార్లమెంటు సభ్యుడైన కల్నల్ హోప్‌నని చెప్పుకుని బటర్‌మియర్‌లో సత్రం నడిపేవారి కూతురు మేరీ రాబిన్సన్‌ను పెళ్లాడాడు. అతనికి అప్పటికే పెళ్లయింది. బండారం బయటపడ్డాక 1803 సెప్టెంబరులో కార్లైల్‌లో ఉరితీశారు. అదైనా మేరీ బతుకు పాడుచేసినందుకు కాదు, ఫోర్జరీ చేసినందుకు. ఇలాంటి కథకూ హేయర్ కథలకూ ఉన్న తేడా వేషంలో లేదు, వేషం ఎవరి కళ్లు కప్పుతోంది అన్నదానిలో ఉంది. హాట్‌ఫీల్డ్ లేని హోదా తగిలించుకుని, నమ్మిన మనిషినే ముంచాడు. పెన్ ఉన్న ఆస్తినీ పేరునూ దాచుకుని తనను అమ్మజూసిన వాళ్ల కన్నుగప్పింది, తోడున్న మనిషికి నిజం తెలుసు. రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇవన్నీ జరిగే పనులేనా అన్న సందేహం నిలవదు. 1812లో ఎడిన్‌బరోలో వైద్యపట్టా తీసుకుని సైన్యంలో చేరిన జేమ్స్ బారీ సైనిక ఆసుపత్రుల ఇన్‌స్పెక్టర్ జనరల్ స్థాయికి ఎదిగాడు. ఆడపుట్టుక పుట్టిన మనిషి అన్న సంగతి 1865లో చనిపోయాకే లోకానికి తెలిసింది. అది సరదా కథ కాదు, ఒక జీవితకాలపు నిశ్చయం. కానీ బట్టలూ నడకా చూసి లోకం ఎంతగా నమ్మేస్తుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. ముసుగు తీయగానే లోపల కులీన రక్తమే బయటపడితే ఈ కథ ఎవరిని ప్రశ్నించినట్టు? 'దీజ్ ఓల్డ్ షేడ్స్' (1926)లో సరిగ్గా అదే జరిగింది. పారిస్ వీధుల్లో దొరికిన కుర్రాడు నిజానికి లియోనీ అనే అమ్మాయి, ఆపైన ఒక కౌంటు కన్నబిడ్డ. ఆమెకు బదులుగా కౌంటు ఇంట పెరిగిన రైతు బిడ్డ మోటుగా, పొలం మీదే మనసుతో కనిపిస్తాడు. పెంపకం ఎలాంటిదైనా పుట్టుకే గెలుస్తుందన్న ఈ భావం ఆ నవలకు పెద్ద లోపం, దాన్ని సమర్థించను. మనం దశాబ్దాలుగా నెత్తిన పెట్టుకున్న 'మిస్సమ్మ' (1955) సినిమానూ ఇదే కొలతతో చూడాలి. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే క్రైస్తవురాలు మేరీ, హిందువు రావుల మధ్య మమత పుట్టడం ఎంతో నిజాయితీగా ఉంటుంది. ఒకరి అసలు సంగతి ఒకరికి తెలుసు, పొరబడ్డది జమీందారు ఇల్లు. కానీ మతం అడ్డు దాటే సమయానికి మేరీ తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. ఆ అడ్డును దాటడానికి బదులు కథ దాన్ని మాయం చేసింది.

అయితే ఈ జాడ్యం ఈ తరహా కథలన్నిటికీ ఉందని తీర్పు చెప్పడం తొందరపాటు. 'అరబెల్లా' (1949) దానికి జవాబు. యార్క్‌షైర్ పల్లెలో చర్చి ఫాదరీకి ఉన్న ఎనిమిదిమంది పిల్లల్లో ఒకతె అరబెల్లా. ఆడపిల్లలు తన డబ్బు కోసం వల వేస్తారని ధనవంతుడైన బోమారిస్ అంటుండగా ఆమె చెవిన పడుతుంది. రోషంతో తానే మహా సంపన్నురాలినని చెప్పేస్తుంది. ఆ మాట లండనంతా పాకగానే, నిన్నటిదాకా ఊరూపేరూ తెలియని పిల్ల చుట్టూ పెళ్లికొడుకులు బారులు తీరతారు. పిల్ల మారలేదు, ఆమె ధర మారింది. పొగగొట్టాలు ఊడ్చే ఒక బాల కార్మికుడు ఒంటి మీద కాలిన గాయాలతో దారి తప్పి ఆమె గదిలోకి దిగితే, వాడి బాధ్యత తీసుకోమని బోమారిస్‌ను నిలదీస్తుంది. ఎవరి ముందు ఎలా కనపడాలో లెక్కలు వేసుకునే లోకంలో పుట్టిపెరిగిన బోమారిస్ ఆమెకు నిజంగా లొంగింది అక్కడే. ఆ సంపద బూటకమని అతనికి ముందే తెలుసు. ఏ తాత వీలునామా బయటపడదు, ఏ కౌంటూ వచ్చి నా బిడ్డేనని చెప్పడు. అరబెల్లా ఫాదరీ కూతురుగానే మిగులుతుంది, ఫాదరీ కూతురుగానే అతను ఆమెను పెళ్లాడతాడు.