సైనికుడి ఇంటికి సర్కారు జామీను

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఇంటి సంగతే తీసుకుంటే, అసలు కష్టం కట్టడంలో లేదు. మొదటి విడత రొక్కం తేవడంలో ఉంది. ధర మొత్తానికీ అప్పివ్వడానికి బ్యాంకులు ఒప్పుకోవు. మన దేశంలో 30 లక్షల లోపు రుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇస్తారు. 75 లక్షలు దాటితే 75 శాతమే. మిగతాది కొనేవాళ్లే చూసుకోవాలి. ఒకే ఊళ్లో కుదురుగా ఉద్యోగం చేసుకునేవాళ్లకే ఆ సొమ్ము కూడబెట్టడం గగనం. మరి పద్దెనిమిదేళ్లకే తుపాకీ పట్టి, ఊళ్లు మారుతూ, యుద్ధాలు చేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చిన సైనికుడు ఏం చేయాలి?

ఈ ప్రశ్నకు అమెరికా 1944లో ఒక జవాబు చెప్పింది. ఇల్లు కట్టివ్వలేదు. డబ్బూ చేతిలో పెట్టలేదు. 'వాళ్లకు మీరు అప్పివ్వండి, జామీను నేనుంటాను' అని బ్యాంకులకు భరోసా ఇచ్చింది. ఎనభై ఏళ్లు దాటినా ఆ పథకం నడుస్తూనే ఉంది. మాజీ సైనికుల వ్యవహారాల శాఖ... వాళ్ల వాడుకలో 'వీఏ'... ఇంతవరకూ 2.8 కోట్లకు పైగా గృహరుణాలకు జామీను నిలిచింది.

చేదు అనుభవం నేర్పిన పాఠం

ఈ ఔదార్యం ఊరికే పుట్టలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడినవాళ్లకు 1924లో బోనస్ పత్రాలు రాసిచ్చారు. సొమ్ము చేతికందేది మాత్రం 1945లో! ఈలోగా ఆర్థికమాంద్యం వచ్చిపడింది. పనుల్లేక, తిండికి జరక్క, వేలాది మాజీ సైనికులు 1932లో రాజధాని వాషింగ్టన్ చేరుకుని 'మా సొమ్ము ఇప్పుడే ఇవ్వండి' అంటూ గుడారాలేశారు. ఆ జులైలో ప్రభుత్వం వాళ్ల మీదకు సైన్యాన్నే పంపి తరిమేసింది. గుడిసెలు తగలబడ్డాయి.

రెండో ప్రపంచయుద్ధం వేళ యూనిఫారం వేసుకున్నవాళ్లు కోటీ 60 లక్షల మంది. వాళ్లంతా తిరిగొచ్చాక మళ్లీ అలాంటి పరిస్థితే వస్తే? ఆ ఆలోచనలోంచి వచ్చిందే 'జీఐ బిల్లు'. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాని మీద సంతకం చేశారు. చదువు, నిరుద్యోగ భృతితోపాటు ఇంటి అప్పుకి జామీను అందులో ఓ భాగం. అప్పులో సగానికి, గరిష్ఠంగా 2 వేల డాలర్లకు సర్కారు పూచీ. వడ్డీ 4 శాతం దాటకూడదు. మరుసటి ఏడాదే ఆ పూచీని 4 వేల డాలర్లకు పెంచారు. 1955 నాటికి ఇలా ఇచ్చిన గృహరుణాలు 43 లక్షలు.

లెక్క ఇదీ...

నేటి లెక్కల్లో చూద్దాం. ఇల్లు 4 లక్షల డాలర్లనుకుంటే, మామూలుగా 20 శాతం... అంటే 80 వేల డాలర్లు... ముందు కట్టాలి. అంతకన్నా తక్కువ కడితే సాధారణంగా నెలనెలా రుణ బీమా ప్రీమియం మీద పడుతుంది. వీఏ రుణంలో పైసా కట్టకుండానే ఇల్లు కొనొచ్చు. బీమా ప్రీమియమూ ఉండదు. ఎందుకంటే అప్పులో పాతిక శాతానికి సర్కారు పూచీ ఉంది. అప్పు ఎగవేతకు గురైతే ఆ మేరకు బ్యాంకుకు నష్టం రాదు.

బదులుగా ఒకసారి రుసుము కట్టాలి. ముందస్తు సొమ్ము లేకుండా తొలిసారి తీసుకుంటే, 2023 ఏప్రిల్ నుంచి అది అప్పులో 2.15 శాతం. మన లెక్కకు 8,600 డాలర్లు. రెండోసారి వాడుకుంటే 3.3 శాతం. చేతిలో లేకపోతే దాన్నీ అప్పులో కలిపేసుకోవచ్చు. సైనిక సేవ వల్ల కలిగిన వైకల్యానికి పరిహారం పొందేవారికి ఈ రుసుము మాఫీ. పరిహారం దరఖాస్తు తేలకముందే ఇల్లు కొని రుసుము కట్టేసినా, తర్వాత మంజూరైన పరిహారం పాత తేదీ నుంచి... అంటే రుణం పూర్తయిన రోజుకన్నా ముందు నుంచి... వర్తిస్తే ఆ సొమ్ము వెనక్కి అడగొచ్చు.

సేవలో ఉన్నవాళ్లకు వరుసగా 90 రోజుల సర్వీసు చాలు. నేషనల్ గార్డ్, రిజర్వు దళాలవాళ్లకు సాధారణంగా ఆరేళ్లుండాలి. రిటైరైనవాళ్లు 'డీడీ-214' అనే విడుదల పత్రం చూపి అర్హత పత్రం తీసుకోవాలి. కొన్న ఇంట్లో తామే ఉండాలి. సైనికుడు విధుల్లో దూరాన ఉంటే భార్యో, భర్తో ఉన్నా సరే. అద్దెకివ్వడానికే కొంటామంటే కుదరదు. అమెరికా, దాని ఏలుబడిలోని ప్రాంతాలు దాటి ఇది చెల్లదు కూడా. అక్కడి సైన్యంలో చేరిన తెలుగు పిల్లలు హైదరాబాద్‌లో అమ్మానాన్నలకు ఫ్లాటు కొనివ్వాలనుకుంటే వేరే దారి చూసుకోవాల్సిందే.

పూజారి వరమివ్వలేదు!

జామీను సర్కారుదే అయినా అప్పిచ్చేది బ్యాంకు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. చట్టంలో నలుపు, తెలుపు అన్న తేడా లేదు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, నల్లజాతి సైనికుల్ని చాలా బ్యాంకులు గుమ్మంలోంచే పంపేశాయి. 1947లో మిసిసిపీ పట్టణాల్లో జామీనిచ్చిన రుణాలు 3,200కు పైనే. అందులో నల్లజాతివారికి దక్కినవి... రెండు! న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో సైనిక కుటుంబాల కోసం 1947 నుంచి నాలుగేళ్లలో 17 వేలకు పైగా ఇళ్లు లేచాయి. ఒప్పందపత్రాల్లోనే తెల్లవారికి తప్ప ఇతరులకు చోటు లేదని రాశారు. ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు. అప్పటికి ఒక తరం దాటిపోయింది. తండ్రి కొన్న ఇల్లు ఒక ఇంట పిల్లల చదువులకు ఆసరా అయితే, మరో ఇంట అద్దె రశీదులే మిగిలాయి.

అతను రాకపోతే...

సైనికుడు తిరిగి రాకపోతే ఈ హక్కు అతనితో పోదు. విధుల్లోగానీ, సేవ వల్ల వచ్చిన వైకల్యంతోగానీ మరణించినవారి జీవిత భాగస్వామి, మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉంటే, అదే జామీనుతో ఇల్లు కొనుక్కోవచ్చు. యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయినవారి, బందీలైనవారి భార్యాభర్తలకూ అవకాశం ఉంది. భర్తను పోగొట్టుకుని ఆశ్రితుల పరిహార భృతి అందుకునే ఇల్లాలికి రుసుమూ ఉండదు. పిల్లలకు, తల్లిదండ్రులకు మాత్రం ఈ రుణం రాదు. ఏటేటా ఎందరో అర్హులు ఈ సంగతి తెలియకే అద్దె ఇళ్లలో ఉండిపోతారు. పత్రాలు భద్రంగా ఉంచుకోవడం, భర్త సర్వీసు వివరాలు భార్యకు తెలిసి ఉండటం... చిన్న విషయాల్లా కనిపించినా కష్టకాలంలో అక్కరకొచ్చేవి అవే.

పూచీ ఎవరికి?

చాలామంది పొరబడేది ఇక్కడే. సర్కారు పూచీ బ్యాంకుకు. సైనికుడి ఇంటికి కాదు! వాయిదాలు ఆగితే బ్యాంకుకు సర్కారు సొమ్ము అందుతుంది. ఇల్లు మాత్రం వేలానికి వెళ్తుంది. సర్కారు చెల్లించిన సొమ్ము తీరేదాకా సైనికుడి అర్హతలో ఆ మేరకు కోత పడుతుంది కూడా. ఇంకో మెలిక... ఈ అప్పుతోపాటే ఇంటిని వేరొకరికి బదలాయించవచ్చు. కొన్నవాళ్లు తమ అర్హతను అందులో పెట్టకపోతే, ఆ అప్పు తీరేదాకా అమ్మినవారి అర్హత అందులోనే చిక్కుకుంటుంది.

అందుకే వాయిదా తప్పినవాళ్లను ఒడ్డునపడేసే దారులు వెతుకుతున్నారు. 2024 మేలో ఇబ్బందుల్లో ఉన్న రుణాలను వీఏనే కొనేసి, వడ్డీ తగ్గించే ఏర్పాటు చేసింది. ఏడాదికే, 2025 మే 1న, కొత్తవారికి ఆ తలుపు మూశారు. అదే ఏడాది జులై 30న మరో చట్టం వచ్చింది. బకాయిని పక్కనపెట్టి, తర్వాత తీర్చుకునే వీలు కల్పించడం దాని ఉద్దేశం.

ముందు సొమ్ము కట్టక్కర్లేదంటే, ఆ భారమంతా నెలవారీ వాయిదాలోకి చేరుతుందని అర్థం. 80 వేలు ముందు కట్టినవాళ్లు తీర్చేది 3 లక్షల 20 వేలకు వడ్డీ. కట్టనివాళ్లు తీర్చేది పూర్తి 4 లక్షలకు. అందుకే జీతంలోంచి వాయిదా, పన్నులు పోగా ఇల్లు గడవడానికి ఎంత మిగులుతుందో లెక్కేశాకే ఈ రుణం ఇవ్వాలని నిబంధన. బ్యాంకు వేసే ఆ లెక్కను సంతకానికి ముందు ఆ ఇంటివాళ్లూ ఒకసారి కూర్చుని వేసుకోవాలి. జామీను గుమ్మం దాకానే తెస్తుంది. లోపల ఇరవై, ముప్ఫై ఏళ్లు దీపం వెలిగించుకోవాల్సింది ఇంటివాళ్లే.