వడదెబ్బ వేరు, ఎండకందు వేరు

ఈ మధ్య మా మనవడు మనాలి వెళ్ళివచ్చాడు. మంచులో ఆడివచ్చినవాని ముక్కు, బుగ్గలు ఎర్రగా కంది, నాలుగు రోజులకు పొరలుపొరలుగా ఊడనారంభించాయి. "తాతయ్యా, అక్కడ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకొని వణికిపోయాం గదా, వడదెబ్బ ఎలా తగిలింది?" అని అడిగాడు. ఆ మాట ఏదో ఆరోగ్య వ్యాసపు అనువాదంలో చదివాడట. తప్పు పిల్లవానిది కాదు.

"వడ" అనగా వేడిమి. వడగాడ్పులోను, వడదెబ్బలోను ఉన్నది అదే. ఒంటిలోని వేడి అదుపు తప్పడం వడదెబ్బ. మాట తడబడుతుంది, మనిషి తూలిపోతాడు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, ఆసుపత్రికి చేర్చకపోతే ప్రాణానికే ముప్పు. చర్మం కందడం అట్టిది కాదు. దానికి కారణం వేడి కానేకాదు, అతినీలలోహిత కిరణాలు. ఈ రెండింటికీ ఒకే మాట అంటగట్టే అనువాదకుల మీద నాకు కోపం. ఎర్రబడిన ముక్కును వడదెబ్బ అనడం అలవాటయితే, రేపు రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం తూలి పడిన కూలీని చూచి కూడా "సాయంత్రానికి సర్దుకొంటుందిలే" అనుకొంటాము.

ఈ భేదం క్రొత్తగా తెలిసినది కాదు. ఎవరార్డ్ హోమ్ అనే ఆంగ్ల శస్త్రవైద్యుడు తన చేతులు రెండూ ఎండకు పెట్టి చూచుకొన్నాడు. ఒకటి వట్టిది, ఒకటి నల్లగుడ్డ కప్పినది. గుడ్డ క్రింద వేడి హెచ్చుగా ఉన్నది. బొబ్బలెక్కినది మాత్రం వట్టి చేయి! 1821లో రాయల్ సొసైటీ పత్రికలో ఆ సంగతి ప్రకటించాడు.

మనాలి మాటకు వస్తే, వేయి మీటర్లు పైకి పోయేకొద్దీ ఈ కిరణాల తీవ్రత సుమారు నూటికి పది వంతులు పెరుగుతుంది. క్రొత్త మంచు వాటిలో నూటికి ఎనభై దాకా తిరిగి మొగానికే కొడుతుంది. చలికి వణుకుతున్నవాడు జాగ్రత్తపడడు.

చర్మకణంలోని డీఎన్ఏలో పక్కపక్కనున్న రెండు థైమిన్లను ఈ కిరణం అతికించివేస్తుంది. తాటాకుపై రెండక్షరాలు అలుక్కుపోతే లేఖకుడు తడబడినట్లే, కణమూ తన ప్రతిని సరిగా వ్రాసుకోలేదు. దిద్దుకోగలిగినంత దిద్దుకొంటుంది; లేకున్న చచ్చి పొరగా రాలుతుంది. దిద్దని తప్పు మిగిలిపోతేనే, ఏండ్ల తరువాత, క్యాన్సరు భయం. ఎర్రదనం కూడా వెంటనే రాదు. కొన్ని గంటలకు మొదలై మరునాటికి ముదురుతుంది. అందుకే ఎండలో ఉన్నంతసేపు ఏమీ తెలియదు.

"నల్లని ఒంటికి ఎండ ఏమి చేస్తుంది" అని నేనూ అన్నవాడనే. ఆలస్యంగా వచ్చిన పిల్లలను ఎండలో నిలబెట్టినవాడనే. మెలనిన్ కణకేంద్రానికి గొడుగు పట్టే మాట నిజమే గాని, ఆ గొడుగుకు చిల్లులున్నాయి. మన ఒంటిపై ఎరుపు తేలికగా కనబడదు, అంతే. మిరపకోతలకు పోయే ఆడవాళ్ళు చీరపై మగవారి పొడుగుచేతుల చొక్కా తొడిగి, తలకు తువ్వాలు చుట్టుకొంటారు. పంతులు కంటె వారికే ఎక్కువ తెలుసు.

"ఎండకు కందిపోయాడు" అని ఇంటింటా అంటూనే ఉన్నాము. కాబట్టి దీనిని "ఎండకందు" అందామని నా ప్రతిపాదన. మనవడు అప్పుడే వాడుతున్నాడు. ఇంతకంటె మంచి మాట మీ ఊరి పలుకుబడిలో ఉంటే తెలపండి, నాది వెనక్కు తీసుకొంటాను.