ఏం కూర?

పోయిన నెల ఒకరోజు సాయంత్రం ఆరున్నరకి టీమ్ కాల్‌లో ఉన్నాను. ప్రొడక్షన్‌లో ఏదో తగలడింది, మేనేజరు సీరియస్‌గా అడుగుతున్నాడు. నేను మ్యూట్ తీసి నోరు తెరిచేలోపే వెనక వరండాలోంచి మా అమ్మ గొంతు... "ఏమే, ఇయ్యాల ఏం కూర?" పదకొండు మందికీ స్పష్టంగా వినపడింది. ఒక్క క్షణం అందరూ గప్‌చుప్, తర్వాత ఒకటే నవ్వులు. కాల్ అయ్యాక గుంటూరు మిత్రుడొకడు చాట్‌లో అడిగాడు: "మీ వైపు హలోకి బదులు ఏం కూర అంటారా బాబూ?"

అంటాం. నిజంగానే అంటాం. పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటి లోపలికొస్తే మా గల్లీ. సాయంత్రం అయిదున్నర నుంచి ఏడింటిదాకా ఇక్కడ ఎవరు ఎవరికి ఎదురుపడ్డా, ఎవరు ఎవరికి ఫోన్ చేసినా మొదటి మాట అదే. బాగున్నారా అనేది తర్వాత. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకిది మహా చికాకు. మా అమ్మ, మా పెద్దమ్మ రోజూ ఫోన్లో పావుగంట మాట్లాడుకుంటే అందులో పది నిమిషాలు బీరకాయే! దేశంలో ఇన్ని సమస్యలుంటే మీకు బీరకాయ కావాల్సొచ్చిందా అని ఒకట్రెండుసార్లు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

అసలు ఆ ప్రశ్నకి జవాబు ఎలా ఉంటుందో ఎప్పుడైనా విన్నారా? ఎవరూ "బీరకాయ" అని ఊరుకోరు. "బీరకాయల శెనగపప్పు ఏసిన. మా ఆయనకి బి షిఫ్టు, పదకొండింటికి గానీ రాడు, అందుకే ఎల్లిపాయ కారం గూడ నూరిపెట్టిన. నీ దగ్గర కొత్తిమీరుంటే రెండు రెమ్మలియ్యరాదె." ఇందులో ఏమేం ఉన్నాయో చూడండి. ఇవాళ ఏం చేస్తున్నాను, నాకున్న ఇబ్బందేంటి, నీ నుంచి ఏం కావాలి. మనం రోజూ పొద్దున్నే నిలబడి (నిజానికి కూర్చుని, కెమెరా ఆపేసి) చేసే స్టాండప్ మీటింగు ఇదే కదా! మన మీటింగు పావుగంట అనుకుంటే ముప్పావుగంట అవుతుంది, ఎవరి సమస్యా తీరదు. గోడ దగ్గర రెండు నిమిషాల్లో కొత్తిమీర చేతులు మారుతుంది :-)

2023 జూలైలో టమాట కిలో నూరు రూపాయలు దాటినప్పుడు గమనించాను. వారం తిరిగేసరికి గల్లీ గల్లీ అంతా పుంటికూరకి, పచ్చిపులుసుకి మారిపోయింది. ఎవరూ సర్క్యులర్ పంపలేదు. ఒకళ్ళు "టమాట లేకుండ గిట్ల చేసిన, మంచిగనే ఉంది" అన్నారు, ఆ మాట నాలుగు గోడలు దాటింది, అంతే.

ఇంకా పాత సంగతి ఒకటుంది. మా అమ్మ పుట్టింది నక్కవాగు పక్క ఊళ్ళో. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల్లో మొదలయ్యాక ఫ్యాక్టరీల మురుగు ఆ వాగులో కలిసి మంజీర వైపు పారింది. ఆ కాలుష్యం మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకి వెళ్ళింది, డాక్టర్ కిషన్‌రావు గారి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి దాని కోసం తిరిగారు. ఇదంతా నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నది. అమ్మకి మాత్రం కూర వల్లే తెలుసు. చిన్నప్పుడు చేలగట్ల మీద గునుగు, తుమ్మి, పొన్నగంటి తెంపుకొచ్చి వండుకునేవాళ్ళట. తర్వాత్తర్వాత "ఏం కూర" అన్నాక వెంటనే "యాడ తెంపినవ్?" అని ఇంకో ప్రశ్న పుట్టిందట. వాగు నీళ్ళు పారిన చేనుదంటే, పారబొయ్యమనేవాళ్ళు. ఏ నీళ్ళు మంచివి, ఏవి కావు అన్న కబురు ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది ఆ ఒక్క ప్రశ్న మీదే.

ఇదే ముంబై హైవే పట్టుకుని ముందుకి పోతే జహీరాబాద్ వస్తుంది. ఆ పక్కన మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 2008లో సంఘం రేడియో మొదలుపెట్టాయి. మైకు ముందు కూర్చున్నది పల్లెటూరి దళిత ఆడవాళ్ళు. విత్తనాలు, పాత పంటలు, తిండి, పాటలు, అన్నీ వాళ్ళ యాసలోనే. చదువుకున్నవాళ్ళం మనం దీన్ని సంప్రదాయ విజ్ఞానం అని సెమినార్లు పెడతాం. మా గల్లీలో దాని పేరు "ఏం కూర".

సరే, ఇంత తెలివి నాకు ఎప్పుడొచ్చిందీ అంటే, చేజేతులా ఒక తప్పు చేశాక.

2022 చివర్లో ఆఫీసువాళ్ళు ఇంక వచ్చెయ్యండి అన్నారు. రోజూ ఇక్కణ్ణుంచి గచ్చిబౌలి పోయి రావడం కష్టమని తెల్లాపూర్‌లో పదకొండో అంతస్తులో ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం. అమ్మానాన్నల్ని కూడా పట్టుకుపోయాం. లిఫ్టు, పవర్ బ్యాకప్, కింద పార్కు... అమ్మ సుఖపడుతుందనే అనుకున్నాను. రెండో నెల్లో ఫోన్ మాటలు తగ్గాయి. మూడో నెల్లో వంట కూడా మొక్కుబడిగా చేయడం మొదలుపెట్టింది. ఒంట్లో బాగాలేదేమోనని రక్తపరీక్షలు చేయించాను, అన్నీ బాగానే ఉన్నాయి. ఒకరోజు రాత్రి అడిగితే చెప్పింది: "ఈడ నన్ను ఏం కూర అని అడిగేటోళ్ళే లేరు బిడ్డా. వండినా ఒకటే, వండకున్నా ఒకటే."

నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఎదురు ఫ్లాట్‌లో వాళ్ళ పేరు కూడా మాకు తెలీదు. వాళ్ళ తలుపు ముందు డెలివరీ కవర్లు చూసి, ఓహో ఇవాళ బిర్యానీ అనుకునేవాళ్ళం, అంతవరకే! ఆరు నెలలకి అమ్మానాన్న పోతిరెడ్డిపల్లికి వచ్చేశారు. వచ్చిన రోజు సాయంత్రం పక్కింటి వదిన గోడ మీదికి వంగి "అక్కా, ఏం కూర?" అందట. అమ్మ ఈ మాట నాకు ఫోన్లో చెప్పింది, ఏదో బహుమతి వచ్చినట్టు.

తర్వాతి ఏడాది అమ్మ బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాల కట్టు. నేనూ మా ఆవిడా సామాను సర్దుకుని వచ్చేశాం (ఇప్పటికీ ఇక్కడే, వారానికి రెండ్రోజులు ఆఫీసు). ఆ ఆరు వారాల్లో మా ఇంటికి ఎన్ని గిన్నెలు వచ్చాయో నేను లెక్కపెట్టలేదు. చిక్కుడుకాయ, కోడిగుడ్డు పులుసు, ఓ రోజు జొన్నరొట్టెల మూట. వెనక పోర్షన్లో ఒడిశా నుంచి వచ్చిన జంట ఉంటుంది, ఆయన ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఆ అమ్మాయి దాల్మా తెచ్చింది. పప్పులో కూరగాయలన్నీ వేసి వండుతారు, మన ముక్కల పులుసుకి చుట్టం లాంటిదే. తనకి వచ్చిన మొదటి తెలుగు మాట ఏంటో చెప్పుకోండి చూద్దాం. అవును, అదే! మా అమ్మ రోజూ గోడ మీంచి అడిగి అడిగి నేర్పింది. వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని మా ఇంట్లో రూలు. అమ్మ చేయి కట్టులో ఉంది కాబట్టి ఆ రూలు నా మెడకి చుట్టుకుంది. అలా మొదలైంది నా వంట.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా పోయారు. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. మా గల్లీలో పాశమైలారం పనికి పోయేవాళ్ళున్న ఇళ్ళు అయిదారు. ఆ సాయంత్రం ఎవరూ ఏం కూర అని అడగలేదు. మావాళ్ళంతా రాత్రికి క్షేమంగానే వచ్చారు. అప్పుడు, తొమ్మిది దాటాక, పక్కింటి వదిన గొంతు వినపడింది. "అక్కా... ఏం కూర?" కూర సంగతి కాదని అందరికీ తెలుసు. మీ ఇంట్లో అందరూ వచ్చారా, పొయ్యి వెలిగించారా, అని. షిఫ్టుల మీద బతికే ఊళ్ళో రోజూ ఆ ప్రశ్న వెనక ఈ ప్రశ్న ఉంటుందని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఇదంతా రాసి మా ఆవిడకి చూపిస్తే ఆవిడ చదివి, "బానే ఉంది గానీ సగమే రాశావు" అంది. "గోడ దగ్గర మీ అమ్మ అడిగే ఏం కూర వేరు. లాప్‌టాప్ ముందు కూర్చుని తల ఎత్తకుండా నువ్వు అడిగేవాడివి చూడు, ఆ ఏం కూర వేరు."

దెబ్బకి నోరు పడిపోయింది. ఆవిడ కూడా సాఫ్ట్‌వేరే, ఆవిడకీ సాయంత్రం ఆరున్నరకి కాల్స్ ఉంటాయి. మాటలు రెండే, అవే రెండు. గోడవతల మనిషి అడిగినప్పుడు ఆమె పొయ్యి మీద కూడా ఒక గిన్నె ఉంటుంది. ఏం వండాలో తోచక ఆమె కూడా అప్పటిదాకా బుర్ర బద్దలుకొట్టుకునే ఉంటుంది. నేను అడిగినప్పుడు నా పొయ్యి మీద ఏమీ లేదు. నా ప్రశ్నకి అర్థం "నాకేం పెడతావు" అని. వండటం ఒక పని అయితే ఏం వండాలో రోజుకి రెండుపూటలా తేల్చడం ఇంకో పని. ఇంట్లో ఏమున్నాయి, ఏది పాడవుతుంది, ఎవరికి షుగరు, ఎవరికి వంకాయ పడదు... ఈ పని ఎవరి పేరు మీదా అసైన్ కాదు, ఎవరూ క్లోజ్ చెయ్యరు.

కేంద్ర ప్రభుత్వం వాళ్ళు సమయ వినియోగ సర్వే అని ఒకటి చేస్తారు. 2024 సర్వే ప్రకారం ఇంట్లో జీతం లేని ఇంటిపనుల మీద ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88. అదీ ఆ పనుల్లో ఎంతోకొంత చెయ్యి పెట్టేవాళ్ళ సగటు మాత్రమే. అసలు ముట్టుకోని మహానుభావులు ఆ లెక్కలోకి రారు. 2019లో ఈ అంకెలు 299, 97. అంటే అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మనం కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నాం. శభాష్!

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఏం కూర అన్న ప్రశ్నని చూసి నవ్వకండి. తీసిపారెయ్యకండి. కానీ దాన్ని అడిగే హక్కు ఊరికే రాదు. అడిగేవాడి పొయ్యి మీద కూడా గిన్నె ఉండాలి. ఇరవై నిమిషాల్లో అన్నీ గుమ్మం ముందుకొచ్చే రోజుల్లో ఇదంతా ఎందుకంటారా? తిండి వస్తుంది, కాదన్ను. చెయ్యి విరిగితే గిన్నె పట్టుకుని వచ్చే మనిషి మాత్రం ఆ ఆర్డర్‌లో రాదు.

ఇప్పుడు మా ఇంట్లో మంగళవారం, శుక్రవారం రాత్రి వంట నాది. ఏం వండాలన్న తలనొప్పి కూడా నాదే, ఎవరినీ అడక్కూడదు. మొన్న శుక్రవారం గోకరకాయ తరుగుతుంటే పక్కింటి వదిన గోడ మీంచి తొంగిచూసింది. అమ్మ గుమ్మంలోనే ఉంది, అయినా నన్నే అడిగింది: "ఏం తమ్మీ, ఏం కూర?"

"గోకరకాయ వదినా. ఆఫీసుంది కదా, అందుకని కుక్కర్ల పెడుతున్న."

"కుక్కర్ల పెడితే గుజ్జయితది. ముందుగాల ఉడకబెట్టి నీళ్ళు వంపు, ఇంత నువ్వులపొడి ఎయ్యి. నువ్వులు లేకుంటే నేనిస్త ఆగు."

నువ్వులు తీసుకున్నాను. మర్నాడు గిన్నె ఖాళీగా పంపలేదు.

మరి మీ ఇంట్లో ఇయ్యాల ఏం కూర? ఎవరు వండుతున్నారు?