అడిగినవాళ్లకు ఓపిగ్గా చెబుదాం

మామిడి సీజను మొదలైందంటే కర్ణాటకలోని మన శ్రీనివాసపురం మండీల్లో ఫోన్లకు తీరిక ఉండదు. తోటలో కోత ఎంతవరకు వచ్చింది, తోతాపురి ధర నిన్నటి మీద ఎంత తగ్గింది, లారీ ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ ఫోన్లోనే తెలియాలి. కాయ అమ్మిన డబ్బు అందులోనే పడుతుంది, కూలీల డబ్బు అందులోంచే పోతుంది. గృహలక్ష్మి పథకం రెండు వేలు ఖాతాలో పడ్డాయని చెప్పేదీ అదే. పొలం పహణీ కావాలన్నా, పింఛను ఎందుకు ఆగిందో తెలియాలన్నా, గ్యాసు బుక్ చేయాలన్నా ముందు ఫోను తీయాల్సిందే. ఒకప్పుడు మాట్లాడుకోవడానికే ఉన్న వస్తువు ఇప్పుడు బ్యాంకు పనీ, తాలూకా ఆఫీసు పనీ చేస్తోంది.

దాన్ని ఎలా వాడాలో మన పెద్దవాళ్లకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు మాత్రం తక్కువ. అందుకే మొబైలు రిపేరు అంగడి ముందూ, సైబర్ సెంటర్లోనూ, ప్రభుత్వ సేవల గ్రామ ఒన్ కౌంటరు దగ్గరా, ఇంట్లో మనవడి పక్కనా రోజూ అవే ప్రశ్నలు వినిపిస్తాయి. ‘స్టోరేజ్ ఫుల్ అంటోంది, ఏం చేయాల?’ ‘ఓటీపీ రానే లేదు.’ ‘నా ఖాతాలో కట్ అయింది, వాళ్లకు పడలేదు.’ ‘ఫోటోలు పోయినాయి, మళ్లీ వస్తాయా?’ తెలిసినవాళ్లకు ఇవి చిన్న ప్రశ్నలు. అడిగే మనిషికి మాత్రం వాటి వెనక నెల డబ్బో, బిడ్డ పెళ్లి ఫోటోలో ఉంటాయి. ఈ ప్రశ్నలకు ఊరు ఎంత ఓపిగ్గా జవాబు చెబితే ఊళ్లోవాళ్ల డబ్బూ మర్యాదా అంత భద్రంగా ఉంటాయి.

యంత్రం వచ్చినంత వేగంగా జవాబు రాదని మన ప్రాంతానికి ముందే తెలుసు. పాతికేళ్ల కిందటి దాకా పహణీ విలేజ్ అకౌంటెంట్ చేతిరాతలో ఉండేది. కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ పథకం కింద సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహణీలను కంప్యూటరుకెక్కించి, తాలూకా కేంద్రాల్లో కౌంటర్లు తెరిచింది. 15 రూపాయలు కడితే అచ్చైన కాగితం చేతికొచ్చేది. రైతుకు అది నిజంగా పెద్ద మేలు. అయినా పేరు తప్పు పడితే ఎలా దిద్దించుకోవాలి, ఏ అర్జీ ఎక్కడ ఇవ్వాలి అనే ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. వాటికి జవాబు తెలిసినవాళ్ల చుట్టూ రైతు తిరగాల్సి వచ్చింది, చాలాచోట్ల ఆ జవాబుకు విడిగా డబ్బూ పెట్టాల్సి వచ్చింది. తర్వాత 2024లో పహణీకి ఆధార్ జత చేయించుకోమన్నారు. 2025 వేసవిలో తోతాపురి ధర కుప్పకూలి రైతులు రోడ్డెక్కాక, ధర తేడా చెల్లించడానికి కేంద్రం, రాష్ట్రం ఒప్పుకున్నాయి. ఇలాంటి సాయం ఇప్పుడు నోట్ల రూపంలో రాదు, ఆధార్ జతైన బ్యాంకు ఖాతాకే వస్తుంది. ఆ జత సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం రాకపోతే, వచ్చిన డబ్బు కూడా రానట్టే.

మన సీమలో దీనికి ఇంకో ముడి ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఫోన్లో ఇంగ్లీషు. తెలుగులో ఆలోచించి, కన్నడలో చదివి, ఇంగ్లీషు బటన్ నొక్కే మనుషులు మనవాళ్లు. సెట్టింగ్స్‌లో భాష మార్చుకుంటే ఫోను మొత్తం కన్నడలోనో తెలుగులోనో కనిపిస్తుందని చాలామందికి ఎవరూ చెప్పలేదు. కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసిపెడుతుందని తెలియక, నాలుగు మాటల మెసేజ్ పంపడానికి పక్కింటి పిల్లల్ని పిలుస్తున్నవాళ్లున్నారు. కంప్యూటర్లకు ప్రపంచంలోని లిపులన్నిటినీ నేర్పే యూనికోడ్ పట్టికలో 1991 నుంచే తెలుగు, కన్నడ పక్కపక్కన ఉన్నాయి. ఒక్కోదానికి 128 గళ్లు, తెలుగు గళ్లు ముగిసిన చోటే కన్నడవి మొదలవుతాయి. అంటే యంత్రం లోపల మన రెండు భాషలకూ చోటు ఎప్పుడో దొరికింది. ఆ చోటును అవ్వ చేతిలోని ఫోను మీదికి తెచ్చి చూపించే పని మిగిలింది.

రోజూ వినిపించే ఆ ప్రశ్నలనే తీసుకుందాం. జవాబులు కష్టమైనవేమీ కావు. ఫోను నిండిందంటే చాలాసార్లు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలూ, వీడియోలూ నిండాయని అర్థం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’కు పోయి ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిస్తే 5 ఎంబీ దాటినవి, పదేపదే ఫార్వర్డ్ అయినవి వేర్వేరుగా కనిపిస్తాయి. ముందు వాటిని తీసేస్తే ఇంటి ఫోటోల జోలికి పోనక్కర్లేదు. తొందరపడి గూగుల్ ఫోటోస్‌లో డిలీట్ కొడితే మాత్రం ఫోన్లోంచీ, బ్యాకప్‌లోంచీ రెండు చోట్లా పోతాయి. అందులోనే ‘ఫ్రీ అప్ స్పేస్’ అనేది నొక్కితే, భద్రంగా బ్యాకప్ అయినవి మాత్రమే ఫోన్లోంచి తొలగుతాయి. పొరపాటున తీసేసినవి కొన్నాళ్లు ట్రాష్‌లో ఉంటాయి. బ్యాకప్ అయినవైతే 60 రోజులు, కానివైతే 30 రోజులు. ఈ ఒక్క సంగతి వేళకు తెలిస్తే ఎన్ని ఇళ్లల్లో పోయాయనుకున్న ఫోటోలు తిరిగి వచ్చేవో.

ఫోను హ్యాంగ్ అయితే స్విచాఫ్ చేసి ఆన్ చేయమంటారు. అది ఎందుకు పని చేస్తుందో కూడా చెప్పాలి. తెరిచిన ప్రతి యాప్ ఫోను పనిచేసే జాగాలో కొంత ఆక్రమిస్తుంది. ఏదో ఒకటి మధ్యలో ఇరుక్కుంటే మిగతావాటికీ కదలిక ఉండదు. ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ జాగా అంతా ఖాళీ అవుతుంది, దాచుకున్నవి మాత్రం అలాగే ఉంటాయి. ఈ రెండో మాట చెప్పడం చాలా అవసరం. అన్నీ పోతాయేమోనన్న భయంతో ఫోను ఆఫ్ చేయడానికే జంకే పెద్దవాళ్లు మన మధ్య ఉన్నారు.

ఓటీపీ రాకపోతే సిగ్నలూ, మెసేజ్ బాక్సూ చూసుకున్నాక, అది ఏ నంబరుకు పోతోందో చూడాలి. ఆధార్‌కో, బ్యాంకుకో ఇచ్చిన నంబరు పాతదైతే ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. రీఛార్జి లేకుండా నెలల తరబడి వాడకపోతే కంపెనీ ఆ నంబరును రద్దు చేసి, కొంతకాలానికి మరొకరికి ఇచ్చేస్తుంది. అప్పుడు మన ఓటీపీ ముక్కూమొహం తెలియనివారి ఫోనుకు పోతుంది. నంబరు మారిస్తే ముందు బ్యాంకుకూ, ఆధార్‌కూ చెప్పాలన్నది ప్రతి ఇంట్లో తెలియాల్సిన విషయం.

ఫోన్ పేలోనో గూగుల్ పేలోనో పంపిన డబ్బు మన ఖాతాలో తగ్గి, అవతల పడకపోతే గుండె జారుతుంది. దానికి 2019లోనే రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. మనిషికి పంపినదైతే మర్నాటికల్లా, అంగడికి కట్టినదైతే 5 రోజుల్లోగా వెనక్కి జమ కావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం బ్యాంకే ఇవ్వాలి. ఇది తెలిసిన మనిషి కంగారుపడి అదే డబ్బు రెండోసారి పంపడు, నెట్‌లో దొరికిన ఏదో ‘కస్టమర్ కేర్’ నంబరుకు ఫోన్ చేసి మోసపోడు. యాప్‌లోనే ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకు పోయి నిబ్బరంగా అడుగుతాడు.

అడగడానికి మొహమాటపడిన మనిషే మోసగాడికి సులువుగా దొరుకుతాడు. అవ్వ ఇంట్లో ఒకసారి అడిగితే ‘నిన్న చెప్పినాను గదా’ అంటారు. రెండోసారి అడిగితే ఫోను లాక్కుని టకటకా నొక్కి తిరిగి ఇచ్చేస్తారు. మూడోసారి ఆమె ఇంట్లో అడగదు. ఏటీఎం దగ్గర పక్కన నిలబడ్డ మర్యాదస్థుణ్ణి అడుగుతుంది, పిన్‌తో సహా కార్డు చేతికిస్తుంది. లేదంటే ఫోన్లో తీయగా మాట్లాడి ‘నేను చెప్పినట్టు నొక్కండమ్మా’ అనేవాడి మాట వింటుంది. వాడికి ఉన్న పెట్టుబడి ఓపికే. ఇంట్లో మనం చూపించని ఓపికను వాడు చూపిస్తాడు. పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు, ‘మీ కరెంటు రాత్రికి కట్ అవుతుంది’ అనే మెసేజ్, పోలీసు డ్రెస్సులో వీడియో కాల్‌లో బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’, అన్నీ అడగడానికి ఎవరూ లేని ఆ కాసేపటి మీదే బతుకుతున్నాయి.

అందుకే రెండు మాటలు ఎవరికైనా నోటికి రావాలి. డబ్బు పంపేటప్పుడు యూపీఐ పిన్ కావాలి గానీ, డబ్బు రావడానికి ఏ పిన్నూ అక్కర్లేదు, ఏ క్యూఆర్ కోడూ స్కాన్ చేయనక్కర్లేదు. మోసం జరిగిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు మారిపోయేలోగా చెబితే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గుతో రెండు రోజులు దాచుకుంటే ఆ అవకాశం చేజారుతుంది. మోసపోయి వచ్చిన అమ్మనో నాన్ననో తిట్టే ముందు, ఆ తిట్టుకు భయపడి ఇంకెందరు పెద్దవాళ్లు నోరు మూసుకుంటారో తలుచుకోవాలి.

జవాబు చెప్పే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. ఫోను అడిగినవాళ్ల చేతిలోనే ఉండాలి, నొక్కే వేలు వాళ్లదే కావాలి. ‘ఈడ ఒత్తవ్వా. ఇప్పుడేం కనిపిస్తాంది? చదువు. ఏం కాదులే, తప్పు ఒత్తినా ఎనక్కి వచ్చే దోవ ఇదో ఈడుంది’ అని వెనక్కి బటన్ చూపించాలి. తప్పు నొక్కినా తిరిగి రావచ్చని తెలిస్తే సగం భయం పోతుంది. పిన్ కొట్టేటప్పుడు చెప్పేవాళ్లు మొహం పక్కకు తిప్పుకోవాలి. తిప్పుకుని, ఎందుకు తిప్పుకున్నారో కూడా చెప్పాలి. మన పిన్ మనవడికి కూడా తెలియకూడదన్న పాఠం ఆ ఒక్క పనితో మనసులో నాటుకుంటుంది. చేసిపెడితే రెండు నిమిషాల్లో అయ్యే పని చేయిస్తే పావుగంట పట్టవచ్చు. ఆ పావుగంట పెట్టకపోతే అదే ప్రశ్న జీవితమంతా తిరిగి వస్తూనే ఉంటుంది.

ఇది ఇళ్లకే వదిలేస్తే జరిగే పని కాదు. కేంద్ర ప్రభుత్వం 2017లో గ్రామీణ డిజిటల్ సాక్షరత పథకం పెట్టి, 6 కోట్ల మందికి 20 గంటల చొప్పున శిక్షణ ఇవ్వాలనుకుంది. ఆ పథకం 2024 మార్చిలో ముగిసింది. అయితే ఫోన్లో యాప్‌లు ఏడాదికోసారి రూపు మార్చుకుంటాయి, కొత్త మోసం నెలకొకటి పుడుతుంది. ఒకసారి తీసుకున్న శిక్షణ దానికి సరిపోదు. జవాబు ఎప్పుడూ దొరికే చోటు ఒకటి ఊళ్లోనే ఉండాలి. కేరళలో తిరువనంతపురం జిల్లా పుల్లంపార పంచాయతీ ఆ దారి చూపించింది. అక్కడ వలంటీర్లు జనాన్ని క్లాసుకు రమ్మనకుండా, వాళ్లున్న చోటికే, ఉపాధి హామీ పనుల దగ్గరికీ ఇళ్లకీ పోయి ఫోను వాడడం నేర్పారు. 2022లో అది పూర్తి డిజిటల్ సాక్షరత సాధించిన పంచాయతీ అయింది. ఆ తోవలోనే నడిచి 2025 ఆగస్టులో రాష్ట్రమంతా ఆ మాట చెప్పుకోగలిగింది.

మనకూ అవసరమైనవి అందుబాటులోనే ఉన్నాయి. కర్ణాటకలో గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను ‘అరివు కేంద్ర’లుగా తీర్చిదిద్దుతున్నారు, వాటిలో చాలావాటికి కంప్యూటర్లూ వచ్చాయి. వారంలో ఒక సాయంత్రం, తోట పనులు ముగిసే వేళకు, అక్కడ ఒక గంట ఫోను ప్రశ్నలకు కేటాయించవచ్చు. పట్నంలో చదివే మన కాలేజీ పిల్లలు వంతులవారీగా వచ్చి కూర్చోవచ్చు. చెప్పడం తెలుగులో సాగాలి, గోడ మీద కన్నడలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాల్లో నాలుగు ముఖ్యమైన జాగ్రత్తలు ఉండాలి. బ్యాంకుల్లోనూ గ్రామ ఒన్‌లోనూ కౌంటరు వెనక ఉన్నవాళ్లు రద్దీలో అందరికీ నేర్పలేరు, నిజమే. తాము ఏం నొక్కుతున్నారో పైకి చెబుతూ నొక్కడం వాళ్ల చేతుల్లో ఉన్న పని. ఖర్చు లేని ఈ అలవాటే ఎదుట నిలబడ్డ మనిషికి పాఠమవుతుంది.

ఇంట్లో ఉన్న చదువుకున్న పిల్లలకూ ఒక మాట. మీకు అక్షరాలు దిద్దించిన రోజుల్లో మీ అమ్మానాన్నలు ‘అ’ను ఎన్నిసార్లు దిద్దించారో లెక్క పెట్టుకోలేదు. ఇప్పుడు వాళ్లు అదే ప్రశ్న నాలుగోసారి అడుగుతున్నారంటే, నేర్చుకోవాలన్న పట్టుదల ఇంకా ఉందనే. దాన్ని చులకన చేయకండి. ఓపిగ్గా చెప్పిన జవాబు ఒకరి దగ్గర ఆగదు. ఈ రోజు మీ దగ్గర నేర్చుకున్న అమ్మ రేపు పక్కింటావిడకు చెబుతుంది. ఆమె అలా చెప్పగలిగిన రోజున, మన జవాబు చేరాల్సిన చోటికి చేరినట్టు.