ఆడపిల్ల వాటా కట్నంతో తీరిపోదు

నమాజు, రోజాల విషయంలో ఏ లోటూ రానివ్వని కుటుంబాలు సైతం ఆస్తి పంపకం దగ్గరకు వచ్చేసరికి షరీఅత్‌ను పక్కన పెడుతున్నాయి. తండ్రి కన్నుమూశాక అన్నదమ్ములు పొలం పంచుకుంటారు. అక్కచెల్లెళ్లను పిలిచి సంతకం పెట్టమంటారు. "నీ పెళ్లికి పెట్టాం కదా" అన్న ఒక్క మాటతో ఆమె నోరు మూతపడుతుంది. కాదంటే పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో సంతకం పెడుతుంది. దానినే మనం ఆమె అంగీకారమని చెప్పుకుంటున్నాం.

దివ్య ఖుర్‌ఆన్‌లోని నిసా సూరా 11, 12, 176 ఆయతులు వారసుల వాటాలను నిర్ణయించాయి. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా అందులో స్త్రీకీ వాటా ఉందని అదే సూరా 7వ ఆయతు స్పష్టం చేస్తోంది. కనుక సోదరికి ఇచ్చేది దానం కాదు, దయ అంతకన్నా కాదు. అది ఆమె సొత్తు. ఇక కట్నమంటారా, అది వరుడి ఇంటికి పోయే సొమ్ము. 1961 నుంచి చట్టం దానిని నిషేధించింది. ఒక తప్పు చేసి, దానిని చూపి మరో హక్కును కొట్టివేయడం ఎక్కడి న్యాయం?

"ఇంటికైతే సరే, పొలానికి షరీఅత్ వర్తించదు" అనేవారూ ఉన్నారు. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. అయితే 1949లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించి, వ్యవసాయ భూమికి కూడా వర్తింపజేసింది. అప్పటికి నరసాపురం మద్రాసు రాష్ట్రంలోనిదే. కనుక మన వరి చేను, కొబ్బరి తోట, చేపల చెరువు అన్నింటిలోనూ ఆడపిల్లకు వాటా ఉంది.

పంపకానికి ఒక వరుస ఉంది. ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు తీర్చాలి. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. ఆ తర్వాత వసీయతు. మిగిలినది వారసులకు. ఉదాహరణకు నాలుగెకరాలు మిగిలాయనుకుందాం. మృతుని తల్లిదండ్రులు లేరు. భార్య, ముగ్గురు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 50 సెంట్లు. ఒక్కో కొడుకుకు ఎకరం. కూతురికి 50 సెంట్లు. లెక్క ఇంత తేలిక. కష్టమల్లా మనసుతోనే.

వసీయతు మూడో వంతుకు మించరాదు. మిగతా వారసులు ఒప్పుకోకుండా ఒక వారసునికి వసీయతు చేస్తే చెల్లదు. తాత బతికుండగానే తండ్రిని పోగొట్టుకున్న మనవలకు, బాబాయిలో పెదనాన్నలో ఉంటే వాటా రాదు. అలాంటి అనాథ బిడ్డలను ఆదుకునే మార్గం ఈ వసీయతే. తాతలు దీనిని మరువరాదు.

బ్యాంకులో నామినీగా పేరున్నంత మాత్రాన ఆ సొమ్మంతా నామినీది కాదు. అది వారసులందరిదీ. మన ప్రాంతం నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్లి, చెమటోడ్చి డబ్బు పంపుతున్నారు. ఆ డబ్బుతో కొన్న స్థలం ఎవరి పేరున ఉందో, ఎవరి సొమ్ముతో కొన్నారో కాగితం మీద లేకపోతే రేపు అన్నదమ్ములే కోర్టు మెట్లెక్కుతారు.

అందుకే ఇంటి పెద్దలకు మా మనవి. మీ ఆస్తులు, అప్పులు, మహర్ బాకీ ఒక పుస్తకంలో రాసి ఇంట్లో అందరికీ చెప్పండి. వసీయతు చేయదలిస్తే సాక్షుల ఎదుట రాయించండి. బతికుండగానే పిల్లలకు హిబా ఇస్తే ఆస్తిని వారి స్వాధీనం చేయండి. పిల్లల మధ్య తేడా చూపకండి. మరణం తర్వాత తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకునేటప్పుడు కూతుళ్ల పేర్లు దాచకండి.

సోదరి తన వాటాను వదులుకోవచ్చు. కానీ అది ఎంతో ఆమెకు తెలియాలి, ముందు ఆమె చేతికి రావాలి. అప్పుడు ఇస్తే అది ప్రేమ. అంతకుముందే రాయించుకుంటే అది దోపిడీ. సోదరి కన్నీటితో తడిసిన పొలం ఎంత పండినా, రేపు అల్లాహ్ సన్నిధిలో దాని లెక్క చెప్పక తప్పదు.