పేరులేని పద్దులు

పితృతర్పణము విడుచువేళ మనవారు తండ్రి, తాత, ముత్తాతల పేరులను వరుసగా జెప్పుదురు. తర్పణము విడువని కుటుంబములకును ఇంటిపేరొకటి యున్నది. ఏ యూరినుండి తరలి వచ్చితిమో, ఏ తాత ఏ పొలము గొనెనో చెప్పుటకు ఇంట ముసలివారున్నారు. మూడు తరముల పేరులు తెలిసియుండుట గొప్ప భాగ్యమని మనకెన్నడును దోచదు. అది లేనివారిని జూచినప్పుడే దాని విలువ తెలియును.

అట్టివారు అమెరికా సంయుక్త రాష్ట్రములలో లక్షలకొలది యున్నారు. 1860వ సంవత్సరపు జనాభాలెక్కలలో అచ్చట బానిసలుగా లెక్కకెక్కినవారు 39,53,760 మంది. 1865 డిసెంబరులో రాజ్యాంగ సవరణము వలన బానిసత్వము రద్దయ్యెను. విముక్తులైన యా స్త్రీపురుషుల సంతతివారు నేడు తమ పెద్దల జాడ వెదకుచున్నారు. ఈ యన్వేషణ ఏ దారిని నడచుచున్నదో, ఎచ్చట నాగిపోవుచున్నదో, దానితో మనకేమి సంబంధమో పాఠకులకు విన్నవింపదలచితిమి.

వంశము వెదకువాడు నేటినుండి వెనుకకు నడచును. తల్లిదండ్రుల జనన మరణ పత్రములు, తాతల వివాహ పత్రములు, పదియేండ్ల కొకసారి తీసిన జనాభాలెక్కలు అతనికి మెట్లు. ఆ మెట్లలో ఒకటి విరిగియే యున్నది: 1890వ సంవత్సరపు లెక్కలలో చాల భాగము 1921లో వాషింగ్టనులోని అగ్నిప్రమాదము వలన నాశమయ్యెను. ఎట్లో దానిని దాటి 1870 వరకు బోవచ్చును. అచ్చట దారి తెగును. దక్షిణాది బానిసలుగా నుండినవారందరిని పేరుపేరున వ్రాసిన మొదటి జనాభాలెక్క అదియే. పదియేండ్లు వెనుకకు బోయి 1860వ సంవత్సరపు బానిసల పట్టికను జూచినచో, యజమాని పేరు మాత్రమే కానవచ్చును. దానిక్రింద వయస్సు, స్త్రీపురుష భేదము, శరీరవర్ణము, ఇంతే. ముప్పదియేండ్ల స్త్రీ యొకతె, ఆరేండ్ల బాలుడొకడు అను రీతిగా వరుసలు సాగును. ఆ స్త్రీ యా బాలుని తల్లియో కాదో చెప్పు గీటైనను లేదు. అందుచేతనే శోధకులు దీనిని 1870 గోడ యని పిలుచుచున్నారు.

ఇది గుమాస్తాల మరపు కాదు. 1850వ సంవత్సరపు లెక్కలకై మొదట సిద్ధపరచిన నమూనాలో బానిసల పేరులకు గడి యుండెను. సెనేటు సభలో దక్షిణాది సభ్యులాక్షేపింపగా దానిని గొట్టివేసి, పేరునకు బదులు అంకె వేయవలసినదని నిర్ణయించిరి. పేరు వ్రాసినచో మనుష్యుడని యొప్పుకొనవలసి వచ్చును. అంకె వేసినచో ఆస్తిగానే యుండును. ఆ నాటి శాసనకర్తలకు ఈ తారతమ్యము చక్కగా దెలియును.

ఐనను ప్రభుత్వమునకు పేరు చెప్పనొల్లని యా యజమానియే, తన సొంత దస్తావేజులలో పేరు వ్రాయక తప్పినది కాదు. వీలునామాలో ఏ కుమార్తెకు ఏ బానిసను ఇచ్చుచున్నాడో పేరు చెప్పవలెను. అప్పునకు తాకట్టు పెట్టినను, అమ్మినను పేరు చెప్పవలెను. యజమాని చనిపోయినపిమ్మట ఆస్తి జాబితా వ్రాయువారు నాగళ్లు, బండ్లు, కంచరగాడిదలతోపాటు బానిసల పేరులను, ఒక్కొక్కరి వెలను వ్రాసిరి. ఒక్కొక్కచో తల్లిని, చంటిబిడ్డను ఒకే వరుసలో జేర్చి యిద్దరికిని కలిపి యొక వెల గట్టిరి. ఆ క్రూరమైన వరుసయే నేడు ఆ బిడ్డ తల్లి యెవరో చెప్పు ఏకైక సాక్ష్యము. ఏ కాగితము మనుష్యుని సొత్తుగా జేసెనో, ఆ కాగితమునే యతని మునిమనుమడు కోర్టుల నేలమాళిగలలో ధూళి దులిపి చదువవలసి వచ్చినది.

కావున అతడు తన వంశమునకు ముందు యజమాని వంశమును వెదకవలెను. అదియు సుకరము కాదు. విముక్తులైనవారందరును చివరి యజమాని యింటిపేరునే పెట్టుకొనలేదు. కొందరు అంతకుముందటి యజమాని పేరును నిలుపుకొనిరి. కొందరు తమకు నచ్చిన పేరు తామే యెన్నుకొనిరి. ఇది వారి స్వాతంత్ర్యములో మొదటి పని. అదియే నేటి శోధకునికి చిక్కుముడియైనది.

గోడలో సందులు లేకపోలేదు. యుద్ధము ముగియువేళ 1865లో నేర్పడిన ఫ్రీడ్మెన్స్ బ్యూరో యను విముక్తజన సంరక్షణశాఖ 1872 వరకు నడచెను. కూలి ఒప్పందములు, వివాహముల పట్టికలు, తిండిగింజలు పంచిన లెక్కలు, కూలి యెగవేసిన దొరలపై ఫిర్యాదులు దాని కట్టలలో నున్నవి. 2015లో ఆ కాగితములనుండి పేరులను పట్టికగా గూర్చుపని యారంభమై, ఎవరి యింట వారు కూర్చుండి శ్రమించిన వేలకొలది స్వచ్ఛంద సేవకుల కృషిచే మరుసటి సంవత్సరము ముగిసెను. సుమారు 18 లక్షల పేరులు వెలికి వచ్చినవి.

1865లోనే వారికొరకు స్థాపించిన సేవింగ్సు బ్యాంకు 1874లో దివాలా దీసెను. 60,000కు పైగా ఖాతాదారుల సుమారు 30 లక్షల డాలర్లు అందు జిక్కుకొనెను. కొందరికి కొంత దక్కెను. పూర్తిగా ఎవరికిని దక్కలేదు. కాని ఖాతా తెరచునప్పుడు గుమాస్తా పుట్టినయూరు, పెరిగినయూరు, పూర్వపు యజమాని, భార్యాబిడ్డలు, అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు ఎవరని యడిగి వ్రాసికొనుచుండెడివాడు. సొమ్ము పోయెను, పేరులు మిగిలెను.

ఉత్తరాది సైన్యములో నల్లజాతి సైనికులు సుమారు 1,79,000 మంది పనిచేసిరి. యుద్ధములో భర్త గూలిన వితంతువు పింఛను కోరినప్పుడు వివాహము రుజువుపరచవలసి వచ్చెను. బానిసల వివాహమును చట్టమంగీకరింపలేదు గనుక పత్రము లేదు. తోడి బానిసలు, ఇరుగుపొరుగువారు, ఒక్కొక్కయెడ పూర్వపు యజమాని సయితము వచ్చి, ఏ సంవత్సరమున ఏ తోటలో ఎవరి యెదుట పెండ్లి యయ్యెనో, ఏ బిడ్డ యెప్పుడు పుట్టెనో వాఙ్మూలమిచ్చిరి. జనాభాలెక్క రెండు పర్యాయములు నిరాకరించిన కుటుంబము పింఛను దస్తరములో దొరకినది.

పత్రికలవారమైన మా హృదయమును మిక్కిలి కదల్చినవి మాత్రము ప్రకటనలు. యుద్ధానంతరము కొన్ని దశాబ్దములవరకు, అమ్మకములలో చెదరిపోయిన తల్లులు బిడ్డలకొరకు, బిడ్డలు తల్లులకొరకు పత్రికలలో ప్రకటనలు వేయించిరి. న్యూ ఆర్లియన్సునందలి యొక క్రైస్తవ పత్రిక 1879 మొదలు తప్పిపోయిన ఆత్మీయులు అను నర్థము గల శీర్షికను నడపి, దానిని ప్రార్థనామందిరములలో చదివి వినిపింపుడని బోధకులను గోరెను. చదువురానివారు చెవులతో వెదకిరి. ఇంతకంటె పవిత్రమైన పని యే పత్రికయైనను జేసినదా?

ఇక సంస్థల బాధ్యత. 1838లో మేరీలాండునందలి జెస్యూటు పాదిరులు తమ యధీనములోని 272 మందిని 1,15,000 డాలర్లకు అమ్మజూపి, వారిలో చాలమందిని లూసియానా తోటలకు బంపిరి. ఆ సొమ్ములో కొంత జార్జిటౌను కళాశాల ఋణములు దీర్చుటకు వినియోగమయ్యెను. అమ్మిన పట్టిక భద్రముగా నుండుటచేతను, పాదిరులు బాప్టిజముల లెక్క వ్రాసియుండుటచేతను, ఆ 272 మంది సంతతివారిలో వేలమంది తమ మూలమును దెలిసికొనగలిగిరి. 2017లో ఆ విశ్వవిద్యాలయము క్షమాపణ జెప్పి, పట్టికలో మొదటివాడైన ఐజాక్ హాకిన్సు పేరును ఒక భవనమునకు పెట్టెను. మంచిదే. కాని భవనముమీది పేరుకంటె, బీరువా తాళము తీయుట పెద్ద పని. క్షమాపణ రెండవ మాట. పద్దు చూపుట మొదటి మాట. ఇట్టి కాగితములు బ్యాంకులలో, మఠములలో, పూర్వపు తోటదొరల యిండ్లలో నింకను గలవు. న్యాయమునుబట్టి చూచినచో, అవి వ్రాసినవారి సొత్తు కావు, వ్రాయబడినవారివి. వారి బిడ్డలవద్ద రుసుము గొని వారి తాత పేరు వారికే చూపుట రెండవసారి యమ్ముటయే యగును.

వెదకువారికిని ఒక ధర్మము గలదు. 1976లో అలెక్స్ హేలీ ప్రచురించిన రూట్స్ గ్రంథము లక్షలమందిలో ఈ తృష్ణను రగిల్చెను. తరువాత వంశావళి శోధకులు వర్జీనియా దస్తావేజులను బరీక్షించి, అందలి ముఖ్యమైన లంకెలు నిలువవని చూపిరి. గ్రంథము చేసిన మేలు దానివలన బోదు; కాని ఆశ సాక్ష్యము కాదని తెలియుచున్నది. గోడమీద తలుపు బొమ్మ వ్రాసినంతమాత్రమున దారి యేర్పడదు.

పాతపుండ్లు రేపుట యేల, పగలు పెరుగునుగదా యనువారున్నారు. పుండు మానినవాడు చెప్పవలసిన మాట యిది. కొట్టినవాని మనుమడు చెప్పదగినది కాదు. అదిగాక, ఈ శోధకులలో పెక్కుమంది యడుగుచున్నది పగ కాదు, పేరు.

ఇది దూరదేశపు గాథ యని మనము పత్రిక మడచి పెట్టరాదు. పదునేడవ శతాబ్దమున బందరునందును, పులికాటునందును వర్తకస్థానములు గల డచ్చి కంపెనీ, కరవు కాలములందు మన కోరమండల తీరమున మనుష్యులను గొని ఓడల కెక్కించెను. బటేవియాకు జేరినవారు, ఆఫ్రికా దక్షిణాగ్రమునందలి కేపునకు జేరినవారు గలరు. కేపు దస్తావేజులలో యజమాని పెట్టిన పరాయి పేరు, దాని వెనుక కోరమండలపువాడను మాట కనబడును. తల్లి పెట్టిన పేరు లేదు, ఇంటిపేరు లేదు, తీరమంతయు కలసి వానికి ఇంటిపేరైనది. తెలుగువాడో తమిళుడో చెప్పుటకైన నా మాట చాలదు. అచ్చట 1834లో బానిసత్వము రద్దయి, 1838లో గాని నిజమైన విడుదల కలుగలేదు. వారి సంతతి కేపు పట్టణములో నేటికిని గలదు.

ఆ సంతతివారెవరైన నొకనాడు మన తీరమునకు వచ్చి మా తాత ఏ యూరివాడని యడిగినచో, మనము చూపగల కాగితమేది? మన కచేరీలలోను, దేవాలయములలోను, పూర్వపు జమీందారుల యిండ్లలోను పాతకట్టలు చెదలపాలగుచున్నవి. పేదవాని పేరు ఎక్కడనైన వ్రాసియున్నచో, అప్పుపద్దులోనో, పాలేరుతనపు పత్రములోనో వ్రాసియుండును. పట్టణమునకొక గ్రంథాలయము గల మనము ఏడాదికి పదికట్టలనైన దులిపి, చదివి, పేరులకు పట్టిక గూర్పలేమా? అక్కడివారు వేలమంది యిండ్లయందే కూర్చుండి చేసిన పని మనకసాధ్యము కాదు. సింహాసనముల కథ వ్రాయుటకు వ్రాయసగాండ్రెప్పుడును గలరు. పద్దులలో చిక్కిన మనుష్యులను పేరుతో బిలుచువారే కావలయును.